మురుగు బురదకు సున్నం వైద్యం: బకెట్ పరీక్ష నుంచి పొలం గట్టు దాకా

మే నెల మధ్యాహ్నం. ట్యాంకులో బురద 40 డిగ్రీల వేడి మీద ఉంది. పీహెచ్ (క్షార గుణం కొలత) మీటరు 11.9 చూపిస్తోంది. చేరాల్సింది 12. ఇంకో బస్తా సున్నం వేయించాను. 11.9. మరో బస్తా. అదే అంకె. ఐదో అదనపు బస్తా పడేసరికి కలిపే మోటారు మూలగడం మొదలుపెట్టింది. ట్యాంకు అడుగున సున్నం ముద్దగా పేరుకుంది. "సార్, మీటరు పోయినట్టుంది" అన్నాడు ఆపరేటర్. నేనూ అదే అనుకున్నాను. మీటరు బాగానే ఉంది. తెలియనిది నాకే. ఆ వేడిలో లారీడు సున్నం పోసినా ఆ అంకె వచ్చేది కాదు. కారణం కింద మీటరు సంగతి దగ్గర చెబుతాను. అప్పటి నుంచి నాది ఒకటే లెక్క: ఎన్ని బస్తాలు పోశామన్నది పని కాదు, మర్నాడు బురదలో ఎంత పీహెచ్ మిగిలిందన్నదే పని.

ఇది చిన్న పురపాలికల మురుగునీటి శుద్ధి కేంద్రాలు, సెప్టిక్ ట్యాంకుల బురద తీసుకునే కేంద్రాలు, పెద్ద అపార్టుమెంట్ల ఎస్టీపీలు (సొంత మురుగు శుద్ధి కేంద్రాలు) నడిపేవారి కోసం. రోజుకు కొన్ని వేల లీటర్ల నుంచి కొన్ని లక్షల లీటర్ల దాకా బురద వచ్చే చోట్ల పనికొస్తుంది. ఎండబెట్టే మడులకు కావలసినంత స్థలం, ఆ బురద ఎండేదాకా ఆగే తీరిక ఉంటే రసాయనాల జోలికి పోవద్దు. మన ఎండ కన్నా చవకైన మందు లేదు. స్థలం లేనప్పుడు, వానాకాలంలో, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వాసనకు గొడవ చేస్తున్నప్పుడు రసాయనం అవసరపడుతుంది.

రసాయనాలతో చేసే పనులు రెండు. ఒకటి, బురద వదలకుండా పట్టుకున్న నీటిని విడిపించడం. ఇది పాలిమర్ పని. రెండు, మిగిలిన ముద్ద కుళ్ళకుండా, రోగక్రిములు పెరగకుండా చేయడం. ఇది సున్నం పని. రెండింటినీ కలిపి ఒకే పనిగా చూసేవారు రెండింటిలోనూ డబ్బు పోగొట్టుకుంటారు.

మొదట బురదను తూచండి

"ట్యాంకరుకు ఎన్ని బస్తాలు?" అని అడిగేవారే ఎక్కువ. ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఒక ట్యాంకరులో నూటికి ఒక పాలు ఘనపదార్థం ఉంటే, మరోదానిలో నాలుగు పాళ్ళు ఉంటుంది. మందు లెక్క ఎప్పుడూ ఎండు బరువు మీదే కట్టాలి.

పద్ధతి తేలిక. బాగా కలియబెట్టిన బురద 50 గ్రాములు పింగాణీ గిన్నెలో తూచండి. 105 డిగ్రీల ఓవెన్లో రాత్రంతా ఉంచండి. చల్లారాక తూచండి. మళ్ళీ గంట ఆరబెట్టి తూచినా బరువు మారకపోతే అదే ఎండు బరువు. 1.5 గ్రాములు మిగిలిందంటే 3 శాతం. అలాంటి బురద 10,000 లీటర్ల ట్యాంకులో ఉంటే ఎండు పదార్థం 300 కిలోలు. ఈ 300ను పలక మీద రాసి పెట్టుకోండి. కింది లెక్కలన్నీ దీని మీదే నడుస్తాయి.

నమూనా పైనుంచి ముంచి తీయకండి. పైన తేట, అడుగున చిక్కన ఉంటుంది. కలిపే యంత్రం పావుగంట తిరిగాకే తీయాలి.

పాలిమర్: చేప కళ్ళు లేకుండా

బురద రేణువుల మీద రుణావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి తోసుకుంటూ నీటిలో తేలుతుంటాయి. ధనావేశం ఉన్న పాలిఅక్రిలమైడ్ అనే పాలిమర్ వాటిని కూడగట్టి గడ్డలు చేస్తుంది. మన కేంద్రాల్లో బురదకు వాడేది ఎక్కువగా ఈ రకమే. మోతాదు సాధారణంగా టన్ను ఎండు పదార్థానికి 2 నుంచి 10 కిలోలు. ఆ మధ్యలో మీ అంకె ఎక్కడుందో జాడీ పరీక్షే చెప్పాలి.

ముందు ద్రావణం. 0.2 శాతం చాలు: లీటరు నీటికి 2 గ్రాముల పొడి. నీరు గిరగిర తిరుగుతుండగా ఆ సుడి అంచు మీద పొడిని ఉప్పు చల్లినట్టు చల్లాలి. గుప్పెడు ఒక్కసారి వేస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండిపోయే ఉండలు కడతాయి. వాటినే చేప కళ్ళు అంటారు. అవి ఎంత తిప్పినా కరగవు, పంపుకు అడ్డం పడతాయి, ఆ పొడి డబ్బు మొత్తం వృథా. చల్లడం అయ్యాక నెమ్మదిగా 45 నిమిషాల నుంచి గంట తిప్పాలి. ద్రావణం గంజిలా సాగితే సిద్ధమైనట్టు. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవడం మేలు.

ఇప్పుడు జాడీలు. ఆరు జాడీల్లో 200 మిల్లీలీటర్ల చొప్పున బురద. 3 శాతం బురదైతే ఒక్కోదానిలో 6 గ్రాముల ఎండు పదార్థం. ద్రావణం 6, 9, 12, 15, 18, 24 మిల్లీలీటర్లు వేయండి. అంటే టన్నుకు 2, 3, 4, 5, 6, 8 కిలోలు. ప్రతిదాన్నీ ఒక జాడీ నుంచి ఇంకో జాడీకి పదిసార్లు ఒంపండి, టీ చల్లార్చినట్టు. ఆపి చూడండి. తక్కువైన చోట నీరు బూడిదరంగులోనే ఉంటుంది. సరిపోయిన చోట విరిగిన పాలలా గడ్డలు విడి, మధ్యలో తేట నీరు కనబడుతుంది. గుడ్డలో పోసి వడకట్టి, నిమిషంలో ఎంత నీరు దిగిందో కొలవండి.

ఇక్కడ చాలామంది పెద్ద గడ్డలు చూసి మురిసిపోయి ఎక్కువ మోతాదు ఎంచుకుంటారు. పాలిమర్ మితిమీరితే ముద్ద జిగటగా మారి వడపోత గుడ్డ రంధ్రాలు మూస్తుంది. పిండిన నీరు వేళ్ళ మధ్య జారుతుంది. తేట నీరు మొదటిసారి కనబడిన జాడీయే మీ మోతాదు, దాని తర్వాతది కాదు. మన లెక్కలో అది టన్నుకు 5 కిలోలు అనుకుంటే, 300 కిలోల ఎండు పదార్థానికి 1.5 కిలోల పొడి, 750 లీటర్ల ద్రావణం.

నేల మీద పాలిమర్ ఒలికితే వెంటనే నీళ్ళు పోయకండి. నీళ్ళు తగిలితే అది సబ్బుకన్నా జారుతుంది. రంపపు పొట్టో, ఇసుకో చల్లి, ఎత్తి, ఆ తర్వాత కడగాలి.

బెల్టు ప్రెస్సులో పిండితే కేకులో (పిండాక మిగిలే ముద్దలో) ఘనపదార్థం సుమారు 18 నుంచి 25 శాతం దాకా, సెంట్రిఫ్యూజ్‌లో ఇంకొంచెం ఎక్కువగా వస్తుంది. పలకల ఫిల్టర్ ప్రెస్ ఉన్నచోట పాలిమర్ బదులు ఫెర్రిక్ క్లోరైడు, సున్నం జోడీ ఇప్పటికీ వాడతారు. ముందు ఫెర్రిక్, తర్వాత సున్నం, ఈ వరస తప్పకూడదు. ఫెర్రిక్ క్లోరైడు స్టీలును కూడా తినేస్తుంది కాబట్టి ఫైబర్ లేదా రబ్బరు పూత ఉన్న ట్యాంకులే వాడాలి.

సున్నం కొనడం

పల్నాడులో పిడుగురాళ్ళ అంటేనే సున్నం. బట్టీ నుంచి వచ్చిన రాతి సున్నం కాల్షియం ఆక్సైడు. దానికి నీళ్ళు పట్టించి, విరిగాక పొడి చేసి బస్తాలకెత్తింది హైడ్రేటెడ్ సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడు. 56 కిలోల మొదటిది 74 కిలోల రెండోదానికి సమానం. రాతి సున్నం అందుకే చవక పడుతుంది. కానీ నీరు తగిలితే కిలోకు సుమారు 1,150 కిలోజూళ్ళ వేడి పుట్టిస్తుంది. వాన నీరు కారే షెడ్డులో పెడితే బస్తాలు అంటుకోవచ్చు కూడా. బురద ద్రవంగా ఉన్నప్పుడే కలపాలంటే చిన్న కేంద్రానికి హైడ్రేటెడ్ సున్నమే మేలు.

సున్నం పాతబడితే గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయి అవుతుంది. చూడడానికి అదే తెలుపు, పని మాత్రం చేయదు. బస్తా విప్పి చెంచాడు పొడిని నీటిలో కలిపి పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు వేయండి. తాజా సున్నం ఊరికే కరుగుతుంది. సోడా సీసా మూత తీసినట్టు బుస్సుమని పొంగితే ఆ సరుకు వెనక్కి పంపండి.

మూడు బకెట్లు, ఒక రోజు

పుస్తకాల్లో ఉండే మోతాదులు ఇవి: కిలో ఎండు పదార్థానికి, ప్రాథమిక తొట్టి బురదకు సుమారు 120 గ్రాముల హైడ్రేటెడ్ సున్నం, యాక్టివేటెడ్ బురదకు (గాలి ఊదే ట్యాంకులో సూక్ష్మజీవులతో తయారయ్యేది) 300, సెప్టిక్ ట్యాంకు బురదకు 200. కానీ సెప్టిక్ ట్యాంకు బురదకే 90 నుంచి 510 దాకా తేడా నమోదైంది. ఇంత తేడా ఉన్న చోట పుస్తకాన్ని నమ్మి బస్తాలు కొనడం కన్నా బకెట్‌ను నమ్మడం మంచిది.

మూడు ప్లాస్టిక్ బకెట్లు తీసుకోండి. అల్యూమినియం వద్దు. సున్నం దాన్ని తిని హైడ్రోజన్ వాయువు విడుదల చేస్తుంది. ఒక్కోదానిలో 10 లీటర్ల 3 శాతం బురద, అంటే 300 గ్రాముల ఎండు పదార్థం. వేరే పాత్రలో సున్నపు పాలు కలుపుకోండి, లీటరుకు 100 గ్రాములు. మొదటి బకెట్లో 600 మిల్లీలీటర్లు, రెండోదానిలో 900, మూడోదానిలో 1,200. అంటే 60, 90, 120 గ్రాముల సున్నం. ఒక్కసారిగా కాకుండా వందేసి మిల్లీలీటర్లు పోస్తూ, ప్రతిసారీ రెండు నిమిషాలు కలిపి, పీహెచ్ రాసుకోండి.

అంకెలు తిన్నగా పైకి పోవు. 7 నుంచి 9 దాకా గబగబా ఎక్కి, 9, 10 మధ్య మొరాయిస్తాయి. అక్కడ బైకార్బొనేటు, అమ్మోనియం సున్నాన్ని మింగుతుంటాయి. సరిగ్గా అక్కడే కళ్ళు మండడం మొదలవుతుంది. 9.25 దాటితే అమ్మోనియంలో సగానికి పైగా అమ్మోనియాగా మారి గాలిలోకి లేస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన మాయమై ముక్కు పుటాలు మండించే ఘాటు వచ్చిందంటే సున్నం పనిచేస్తున్నట్టే. అందుకే ఈ పని గాలి ఆడే చోటే చేయాలి, ఆ ఘాటు ముఖం మీదికి కొట్టే వైపు నిలబడకూడదు.

కదిలించడం ఆపి, 2 గంటల తర్వాత, 24 గంటల తర్వాత మళ్ళీ కొలవండి. మధ్యలో చిటికెడు సున్నం కూడా వేయకూడదు. 1993లో అమెరికా పర్యావరణ సంస్థ మురుగు బురద మీద తెచ్చిన 503 నిబంధనల్లోని కొలత ఇదే: పీహెచ్ 12 దగ్గర 2 గంటలు, ఆ తర్వాత సున్నం చేర్చకుండా 11.5 దగ్గర ఇంకో 22 గంటలు నిలవాలి. మొదటి 2 గంటలు క్రిముల కోసం. మిగిలిన 22 గంటలు ఈగలు, దోమలు ముసరకుండా ఉండేందుకు. సాయంత్రం 12.3 చూపిన మొదటి బకెట్ మర్నాడు సాయంత్రానికి 10.8కి జారిపోవచ్చు. గాలిలోని కార్బన్ డయాక్సైడు కొంత, లోపల నెమ్మదిగా విడిపోయే ఆమ్లాలు కొంత సున్నాన్ని తినేస్తాయి. పీహెచ్ అలా దిగిపోతే బతికి ఉన్న బ్యాక్టీరియా తిరిగి లేస్తుంది, వారానికి వాసన మళ్ళీ మొదలు. 2 గంటలకు 12 దగ్గర, 24 గంటలకు 11.5 పైన నిలిచిన బకెట్లలో అన్నిటికన్నా తక్కువ సున్నం ఉన్నదే మీ మోతాదు.

ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఉంది. బకెట్‌లో వాడిన బస్తాల సున్నమే ట్యాంకులో వాడితే స్వచ్ఛత ఎంత శాతమో విడిగా లెక్కించనక్కరలేదు. రెండో బకెట్ నెగ్గితే, 10,000 లీటర్లకు 90 కిలోలు. 25 కిలోల బస్తాలు మూడున్నర పైచిలుకు. నేను నాలుగు వేయిస్తాను. బకెట్‌లో కలిసినంత బాగా ట్యాంకులో కలవదు.

మే నెలలో మీటరు ఎందుకు మొరాయించింది

సున్నం నీటిలో ఇక కరగలేనంత కరిగిన తేట పీహెచ్ 25 డిగ్రీల దగ్గర 12.45. అదే తేట 30 డిగ్రీలకు 12.29, 35కు 12.13, 40కు 11.98. సున్నం తగ్గలేదు, నీటి గుణం వేడికి మారింది. అంటే 40 డిగ్రీల బురదలో ఎన్ని బస్తాలు పోసినా మీటరు 12ను దాటడం దాదాపు అసాధ్యం. ఆ రోజు నేను చేసిన తప్పు ఇదే. ఐదు బస్తాల సున్నం, ఒక గేర్‌బాక్స్ మరమ్మతు ఖర్చుతో నేర్చుకున్నాను.

నిబంధన చెప్పే 12 అంటే 25 డిగ్రీల దగ్గర 12. కాబట్టి 25కు పైన ప్రతి డిగ్రీకి 0.03 కలపాలి. 40 డిగ్రీల దగ్గర 11.9 అంటే నిజానికి 12.35, పని ఎప్పుడో అయిపోయినట్టు. సంక్రాంతి రోజుల తెల్లవారుజామున లెక్క తిరగబడుతుంది. 15 డిగ్రీల దగ్గర 12.2 కనబడితే 0.3 తీసేయాలి, అసలు 11.9 మాత్రమే. "మా మీటరులో ఉష్ణోగ్రత సవరణ ఉంది" అంటారు. ఆ సవరణ ఎలక్ట్రోడుకే (బురదలో ముంచే కడ్డీకే), బురదకు కాదు. అందుకే రిజిస్టరులో పీహెచ్ పక్కన ఉష్ణోగ్రత గడి లేకపోతే ఆ అంకెకు విలువ లేదు.

ఎలక్ట్రోడు మీద సున్నపు పొర కట్టుకుంటుంది. రోజు చివర పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొద్ది నిమిషాలు ముంచి, మంచినీటితో కడగాలి. 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచూసి వదిలేయకండి. సీసాలో సున్నం అడుగున మిగిలేలా తేట చేసి ఉంచుకుంటే, 12 చుట్టుపక్కల మీటరు నిజం చెబుతోందో లేదో పై అంకెలతో పోల్చి చూసుకోవచ్చు. పావలా ఖర్చు లేని పరీక్ష.

ట్యాంకులో పోసే రోజు

సున్నాన్ని నీటిలో పోయాలి, నీటిని సున్నం మీద పోయకూడదు. రాతి సున్నం విషయంలో ఈ తేడా కళ్ళు పోయేంత తేడా. ముఖానికి పూర్తిగా అతుక్కునే కళ్ళజోడు, రబ్బరు చేతితొడుగులు, పొడవు చేతుల చొక్కా, దుమ్ము ఆపే మాస్కు లేకుండా బస్తా విప్పనివ్వవద్దు. కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్ళతో కనీసం పావుగంట కడుగుతూ ఉండి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ట్యాంకులోకి మనిషి దిగకూడదు. పార పడిపోయినా, గొట్టం ఇరుక్కున్నా సరే. బురద కింద హైడ్రోజన్ సల్ఫైడు ఉంటుంది. అది మోతాదు పెరిగినకొద్దీ ముక్కుకు వాసన తెలియకుండా చేస్తుంది. వాసన లేదు కదా అని దిగినవాళ్ళే చనిపోతున్నారు. 2013 నాటి పాకీ పని నిషేధ చట్టం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడాన్ని నేరం చేసింది.

సున్నపు పాలను అరగంటలో కొద్దికొద్దిగా పంపండి. ట్యాంకులో మూడు చోట్ల, పైన, మధ్యన, అడుగున నమూనాలు తీసి, మూడూ 12 (సవరించాక) చేరాకే గడియారం చూడండి. బ్లోయర్ గాలితో కలిపితే ఆ గాలిలోని కార్బన్ డయాక్సైడు సున్నాన్ని కొంత తినేస్తుంది కాబట్టి బాగా కలిశాక ఆపేయండి.

కేకుగా పిండాక రాతి సున్నం కలిపే పద్ధతి వేరు. అక్కడ వేడే మందు. 20 శాతం ఘనపదార్థమున్న టన్ను కేకును 30 నుంచి 70 డిగ్రీలకు తేవాలంటే, నష్టాలు లేవనుకున్నా, సుమారు 125 కిలోల స్వచ్ఛమైన సున్నం కావాలి. పిండి కలిపినట్టు కలిపే యంత్రం లేకుండా పారలతో ప్రయత్నిస్తే తెల్ల ఉండలు ఒకపక్క, పచ్చి బురద ఇంకోపక్క మిగులుతాయి. ఆ యంత్రం లేకపోతే ఈ దారి పట్టకండి.

బురద మీద బ్లీచింగ్ పొడి చల్లడం గురించి ఒక మాట. మంత్రిగారు వస్తున్నారంటే రోడ్డు పక్కన గీసే తెల్ల గీతకు, దీనికి పెద్ద తేడా లేదు. సేంద్రియ పదార్థం, అమ్మోనియా ఆ క్లోరిన్‌ను క్షణాల్లో మింగేస్తాయి, క్రిముల దాకా చేరేది తక్కువ.

వడిసిన నీటిని మరవద్దు. సున్నం కలిపిన బురద నుంచి దిగే నీటి పీహెచ్ 12 దగ్గర ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా శుద్ధి కేంద్రం మొదటికి తిప్పితే ఏరేషన్ ట్యాంకులో (గాలి ఊదే ట్యాంకులో) మురుగును శుద్ధి చేసే సూక్ష్మజీవులు చస్తాయి. తొట్టిలో నిలవచేసి, రోజంతా సన్నధారగా వదలండి.

పొలానికి పంపేముందు

సున్నం బ్యాక్టీరియాను బాగా చంపుతుంది. ఏలికపాముల గుడ్లను మామూలు వేడి దగ్గర చంపలేదు. వాటికి వేడైనా, నెలల తరబడి ఎండైనా కావాలి. సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఎక్కడికీ పోవు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు (1985) నగర కంపోస్టుకు కిలోకు కాడ్మియం 5, సీసం 100 మిల్లీగ్రాములు మించకూడదంటుంది. పీహెచ్ కూడా 6.5, 7.5 మధ్య ఉండాలంటుంది. సున్నం పట్టిన బురదను కంపోస్టు పేరుతో సంచుల్లో నింపి అమ్మడానికి అందుకే వీల్లేదు. బట్టల రంగుల అద్దకం, మెటల్ ప్లేటింగ్ షెడ్ల నీరు కలిసే కాలువ నుంచి వచ్చిన బురదైతే ప్రయోగశాల ఫలితం వచ్చేదాకా కదిలించవద్దు.

నేల కూడా చూడాలి. ఆమ్లగుణమున్న ఎర్ర నేలకు, లాటరైట్ నేలకు ఇది మేలే. సున్నపు గులకలున్న నల్లరేగడికి వేస్తే అప్పటికే ఎక్కువున్న పీహెచ్ ఇంకా పెరిగి, పైరుకు జింకు, ఇనుము అందక ఆకులు పాలిపోతాయి. నత్రజని కోసమే అడిగే రైతుకు ముందే చెప్పండి: దానిలో మంచి భాగం ట్యాంకు దగ్గరే మన కళ్ళు మండించి పోయింది.

బురద చల్లాక ఏ పైరు కోతకు ఎంత ఆగాలో పైన చెప్పిన అమెరికా 503 నిబంధనలే స్పష్టంగా రాశాయి. పశుగ్రాసానికి, నేలను తాకని పంటలకు 30 రోజులు. పశువులను మేపడానికీ అంతే. దోస, టమాటాలా నేలను తాకే కాయలకు 14 నెలలు. ముల్లంగి, వేరుశనగలా నేలలోపల పండేవాటికి 20 నెలలు, బురదను నాలుగు నెలల లోపే దున్ని కలిపేస్తే 38 నెలలు. లారీ చీటీ మీద తేదీ, 24 గంటల పీహెచ్, ఉష్ణోగ్రత, లోహాల పరీక్ష నంబరుతో పాటు ఈ నెలల లెక్కనూ రాసి రైతు చేతికివ్వండి. నోటిమాటగా చెబితే వచ్చే ఖరీఫ్‌కే వేరుశనగ వేస్తాడు.